వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే బోర్డు భాగం) వేడి, ఓవర్‌క్లాక్ స్థిరత్వం: ఎండాకాలం రాగానే 5900ఎక్స్ 550 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది

#1 రామగుండం_రెండర్

అందరికీ నమస్తే. పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, తక్కువ ధరల దొరికిన పాత బీ450 బోర్డు (కంపెనీ పేరు రాస్తలేను), 240 ఎంఎం లిక్విడ్ కూలర్, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). ఓవర్‌క్లాక్ చేసిన, అంటే అన్ని కోర్లు మామూలు కంటే ఎక్కువ వేగంల 4.5 గిగాహెర్ట్జ్, బయోస్‌ల (బోర్డు సెట్టింగ్‌ల మెనూ) 1.300 వోల్టులు చేత్తో పెట్టిన. చలికాలమంతా మంచిగ నడిచింది. ఇప్పుడు బయట 44 డిగ్రీలు. ఎక్స్‌పోర్ట్ పెట్టిన కాసేపటికి స్పీడ్ ఒక్కసారే కూలబడుతుంది, కొన్ని సెకన్లకు లేస్తది, మళ్ల పడతది. రెండు మూడు సార్లు మొత్తం రీస్టార్టే అయింది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే 78 దాటుతలేదు. ఇక్కడి షాపాయన ప్రాసెసర్ పోయింది, మార్చాలంటుండు. సీజన్ నడుస్తుంది, ఆల్బమ్‌లు, వీడియోలు ఇయ్యాల్సినవి చాలా ఉన్నయి. ఏం చేయాలె?

#2 ఫేజ్_లెక్క

ప్రాసెసర్ కొనొద్దు తమ్ముడూ, ఆగు. 78 డిగ్రీల దగ్గర 5900ఎక్స్ తనంతట తాను వేగం తగ్గించుకోదు, దాని హద్దు 90. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (సెన్సర్ల రీడింగ్‌లు చూపే ప్రోగ్రాం) తెరిచి నాలుగు చూసి చెప్పు.

ప్రాక్‌హాట్ ఈఎక్స్‌టీ అనే వరుసలో 'ఎస్' (అవును) అని పడుతోందా? ఎఫెక్టివ్ క్లాక్ ఎంత దాకా పడుతోంది? ఎస్‌వీఐ2 టీఎఫ్ఎన్ అని ఉన్న కోర్ వోల్టేజ్, కోర్ పవర్ లోడ్‌లో ఎంత? వీఆర్ఎం టెంపరేచర్ అనే సెన్సర్ నీ బోర్డులో అసలు ఉందా?

సాకెట్ చుట్టూ ఉన్న చోక్‌లు (చదరపు కాయిల్ ముక్కలు) ఎన్ని, వాటి పక్కన హీట్‌సింక్ ఉందా, పైన ప్రాసెసర్ పవర్ కనెక్టర్ 4 పిన్నులదా 8 పిన్నులదా అన్నది కూడా రాయి.

#3 రామగుండం_రెండర్

ప్రాక్‌హాట్ ఈఎక్స్‌టీ: ఎస్. క్లాక్ 550 మెగాహెర్ట్జ్ దాకా పడుతుంది. లోడ్‌ల 1.27 వోల్టులు, 165 వాట్లు చూపిస్తుంది. వీఆర్ఎం సెన్సర్ లేదు. చోక్‌లు ఎడమ దిక్కు నాలుగు, పైన రెండు. ఎడమ దిక్కు చిన్న అల్యూమినియం ముక్క ఉంది, పైన ఏం లేదు. కనెక్టర్ 8 పిన్నులది.

#4 ఫేజ్_లెక్క

దొరికింది. ఆ ఈఎక్స్‌టీ అంటే వేడెక్కింది ప్రాసెసర్ కాదు, బయటివాడు 'ఆపు' అని తీగ లాగుతున్నాడు. ఆ బయటివాడు వీఆర్ఎం. తన మాస్‌ఫెట్లు (కరెంటును స్విచ్ చేసే ముక్కలు) కాలిపోకుండా ప్రాసెసర్ నోరు మూయిస్తోంది. నువ్వు చూస్తున్న 78కి దీనికి సంబంధం లేదు.

ఇంకో సంగతి. మామూలు టవర్ కూలర్ ఉన్నప్పుడు దాని ఫ్యాన్ గాలి కొంత సాకెట్ చుట్టూ తగిలేది. లిక్విడ్ కూలర్ పెట్టాక రేడియేటర్ పైకి పోయింది, బోర్డు ఎడమ మూలకు గాలే లేదు. ప్రాసెసర్ చల్లబడింది, దాన్ని పోషించే భాగం ఉడుకుతోంది. మన ఊళ్లలో ఈ జత చాలా చోట్ల చూస్తున్నాను: ఖరీదైన లిక్విడ్ కూలర్, హీట్‌సింక్ సరిగా లేని బోర్డు.

#5 బక్_కన్వర్టర్

నేను పవర్ సప్లై డిజైన్‌లో పనిచేస్తాను, ఉండేది ఆస్టిన్‌లో. లెక్క వేసి చూపిస్తే కొత్తవాళ్లకు కూడా ఉపయోగం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావాల్సింది 1.27. ఈ మార్పిడి చేసేదే వీఆర్ఎం. అందులో కరెంటు పంచుకునే దారులు కొన్ని ఉంటాయి, ఒక్కోదాన్ని ఫేజ్ అంటారు. ప్రతి ఫేజ్‌లో పైన ఒక మాస్‌ఫెట్, కింద ఒకటి లేదా రెండు, ఆ తర్వాత చోక్, చివర కెపాసిటర్లు. పై మాస్‌ఫెట్ తెరుచుకున్నప్పుడు 12 వోల్టులు చోక్‌కి తగులుతాయి, మూసుకున్నాక కింది మాస్‌ఫెట్ దారి ఇస్తుంది. ఇది సెకనుకు మూడు నుంచి అయిదు లక్షల సార్లు జరుగుతుంది. 1.27ని 12తో భాగిస్తే సుమారు 10.6 శాతం. అంటే పైవాడు పనిచేసేది పదోవంతు సమయమే, మిగతా తొంభై శాతం కరెంటు కింది మాస్‌ఫెట్ గుండానే పోతుంది. కొన్ని బోర్డుల్లో పైన ఒకటి, కింద రెండు పెట్టేది ఇందుకే.

ఇప్పుడు కరెంటు. 165 వాట్లను 1.27తో భాగిస్తే 130 ఆంపియర్లు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకే మందపాటి తీగ వేస్తాం. ఇక్కడ 130 ఆంపియర్లు కోర్లకున్న నాలుగు ఫేజ్‌ల మధ్య (ఎడమ దిక్కువి; పైన రెండు మిగతా భాగాలవి) పంచుకుంటే ఒక్కోదానికి 32.5. వేడెక్కిన చవక మాస్‌ఫెట్‌కి నిరోధం 5 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది: 32.5 ఇంటూ 32.5 ఇంటూ 0.005, అంటే 5.3 వాట్లు. నాలుగింటికీ కలిపి 21 వాట్లు. స్విచింగ్ నష్టం, చోక్ నష్టం దీని మీద అదనం. వేలి గోరంత ముక్కల మీద అంత వేడి.

అదే కరెంటు, అవే మాస్‌ఫెట్లు, కానీ ఎనిమిది ఫేజ్‌లు ఉంటే? ఒక్కోదానికి 16.25 ఆంపియర్లు, 1.32 వాట్లు. ఎనిమిదింటికీ కలిపి 10.6. మొత్తం నష్టం సగమైంది, పైగా అది రెట్టింపు చోటు మీద పరుచుకుంది. పల్లకి మోసే బోయీలు నలుగురికి బదులు ఎనిమిది మంది అయితే ఒక్కో భుజం మీద బరువు సగమే కదా, అలా. ఇక్కడ ఇంకో లాభం, ఫేజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా కొడతాయి కాబట్టి వోల్టేజ్‌లో అలలు కూడా తగ్గుతాయి.

మాస్‌ఫెట్ వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే నష్టం పెరుగుతుంది, నష్టం పెరిగితే ఇంకా వేడి. గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ గొలుసు ఒక చోట నిలబడుతుంది. 40 దాటిన గదిలో అదే గొలుసు రక్షణ హద్దును తాకుతుంది. చలికాలంలో నడిచింది, మేలో ఆగింది అన్నదానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

#6 బెజవాడ_5గిగా

నాదొక మాట. వేగం పడిపోవడం వీఆర్ఎం వేడి వల్లే అయ్యుండొచ్చు, కాదనను. కానీ రీస్టార్ట్ సంగతి వేరు. 1.300 పెడితే లోడ్‌లో 1.27కి దిగుతోంది అంటున్నారు, అంటే వీడ్రూప్. ఎల్ఎల్‌సీని (లోడ్‌లో వోల్టేజ్ దిగకుండా పట్టే బయోస్ సెట్టింగ్) చివరి లెవెల్‌కి పెట్టేయండి, 1.300 దగ్గర గట్టిగా నిలుస్తుంది, రీస్టార్ట్ పోతుంది. నేను నా ఇంటెల్ సిస్టమ్‌లో ఎప్పుడూ అలాగే వాడతాను.

#7 స్థిర_వోల్టేజ్

బెజవాడ గారూ, ఈ సలహాని ఈ బోర్డు మీద అమలు చేయొద్దని గట్టిగా చెప్పాలి. కారణం చెప్తాను.

ముందు చిన్నది. 1.27 నుంచి 1.30కి పెంచితే పవర్ వోల్టేజ్ వర్గం లెక్కన పెరుగుతుంది, దాదాపు 5 శాతం. 165 కాస్తా 173 అవుతుంది. ఉడుకుతున్న వీఆర్ఎం మీద ఇంకో ఎనిమిది వాట్ల లోడ్ వేసినట్టు.

పెద్దది ఇంకోటి ఉంది. లోడ్ పెరిగితే వోల్టేజ్ కొంచెం దిగడం లోపం కాదు, కావాలని పెట్టిన డిజైన్. 130 ఆంపియర్లు తాగుతున్న ప్రాసెసర్ ఒక్కసారి పని ఆపేసిందనుకోండి. చోక్‌లో పారుతున్న కరెంటు ఉన్నఫళంగా ఆగలేదు, అది కెపాసిటర్లలోకి ఎక్కుతుంది, వోల్టేజ్ పైకి ఎగురుతుంది. లోడ్‌లో వోల్టేజ్ కాస్త కింద ఉంటే ఆ ఎగురుడు మామూలు హద్దు లోపలే సద్దుమణుగుతుంది. ఎల్ఎల్‌సీ చివరికి పెట్టి లోడ్‌లో కూడా 1.300నే పట్టుకుంటే, ఎగిరినప్పుడు దాని మీద నుంచి ఎగురుతుంది. ఇది మైక్రోసెకన్లలో జరిగే సంగతి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కనబడదు, మల్టీమీటర్‌లో కనబడదు, ఆసిలోస్కోప్ ఉంటేనే పట్టుకోగలం.

లోడ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు దీనికి ఉల్టా జరుగుతుంది, వోల్టేజ్ కిందికి జారుతుంది. ఓవర్‌క్లాక్ ఆగిపోయేది ఎక్కువగా ఆ జారుడు దగ్గరే. లోడ్‌లైన్‌ను (లోడ్‌కి వోల్టేజ్ ఎంత దిగాలన్న లెక్క) బిగిస్తే వీఆర్ఎంను నడిపే కంట్రోలర్ ఊగిసలాట పెరుగుతుంది, ఆ జారుడు లోతు తగ్గుతుందన్న హామీ లేదు. దాన్ని నిజంగా తగ్గించేది మంచి కెపాసిటర్లు, సాకెట్‌కి దగ్గరగా వాటి అమరిక, చురుకైన కంట్రోలర్. ఇవి బయోస్‌లో మార్చేవి కావు, బోర్డుతో పాటు వచ్చేవి.

పైగా ఇతని డ్రూప్ ఎంత? 130 ఆంపియర్లకి 30 మిల్లీవోల్టులు, అంటే 0.23 మిల్లీ ఓమ్. ఇది ఇప్పటికే బిగుతుగా ఉన్న లోడ్‌లైన్. 12, 13వ తరం ఇంటెల్ కే ప్రాసెసర్లకు ఇంటెల్ ఇచ్చిన విలువ 1.1 మిల్లీ ఓమ్. అంటే 200 ఆంపియర్ల దగ్గర 220 మిల్లీవోల్టులు దిగినా అది స్పెసిఫికేషన్ లోపలే ఉన్నట్టు.

#8 బెజవాడ_5గిగా

లోడ్ తీసేటప్పుడు ఎగురుడు సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అక్కా. మరి నా బోర్డు ఖరీదైనది, 16 ఫేజ్‌లు, అక్కడ కూడా మధ్య లెవెలే మేలా?

#9 స్థిర_వోల్టేజ్

అక్కడ కూడా మధ్య లెవెలే. కొంచెం ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఎక్కువ దిగనివ్వడం, తక్కువ పెట్టి అసలు దిగనివ్వకపోవడం, ఈ రెండింటిలో నేను ఎప్పుడూ మొదటిదాన్నే ఎంచుకుంటాను. లోడ్‌లో ఒకే వోల్టేజ్ వచ్చేలా రెండూ సరిచేసి వై-క్రంచర్ నడిపి చూడండి. ఆ ప్రోగ్రాం లోడ్‌ను ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది కాబట్టి ఇలాంటి తేడా బాగా బయటపెడుతుంది. గంటల తరబడి ఒకే లోడ్ ఉండే టెస్ట్ పాసై, బ్రౌజర్ తెరిస్తే హ్యాంగ్ అయ్యే సిస్టమ్‌ల గుట్టు ఇదే.

#10 టంకం

నాది సికింద్రాబాద్, బోర్డుల రిపేరు పని. చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల షాపుల నుంచి బోర్డులు వస్తయి. ఎండాకాలంల నా బల్ల మీదికి వచ్చే డెడ్ బోర్డులల్ల వీఆర్ఎం షార్ట్‌లే ఎక్కువ.

ఎట్ల పోతయో చెప్త. కింది మాస్‌ఫెట్ షార్ట్ అయితే కోర్ లైన్ గ్రౌండ్‌కి కలుస్తది, పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతది, ఎస్‌ఎంపీఎస్ రక్షణలకు పోతది. ప్రాసెసర్ బతుకుతది. పై మాస్‌ఫెట్ షార్ట్ అయితేనే భయం. 12 వోల్టులు చోక్ దాటి నేరుగా ప్రాసెసర్ దిక్కు పోతయి. కంట్రోలర్ వెంటనే కింది మాస్‌ఫెట్ తెరిచి ఆ 12ని గ్రౌండ్‌కి తోస్తది, ఎస్‌ఎంపీఎస్ ట్రిప్ అయితది. ఎస్‌ఎంపీఎస్ నాసిరకం అయ్యి ట్రిప్ కాకపోతే ప్రాసెసర్ కూడా పోయినట్టే.

రామగుండం తమ్మీ, నీది ఇంక ఆ దశకు రాలే. బోర్డు వెనుక దిక్కు మాస్‌ఫెట్ల కింద వేడికి తట్టుకునే కాప్టన్ టేప్‌తో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) అంటించి చూడు. కే టైప్ ప్రోబ్ వచ్చే మల్టీమీటర్ చాలు. ప్రోబ్ మొన ఏ పిన్నుకూ తగలకుండ టేప్ మంచిగ వెయ్యి. వెనుక దిక్కు 100 దాటుతుంటే ముంగట మాస్‌ఫెట్ లోపల ఇంకా ఎక్కువే ఉంటది.

ఆ అల్యూమినియం ముక్క తీసి కింది థర్మల్ ప్యాడ్ కూడా చూడు. ఎండి గట్టిపడి ఉంటే మార్చు. కొన్ని బోర్డులకు ఆ ప్యాడ్ సగం మాస్‌ఫెట్లకే తగులుతది.

#11 కొత్తగా_కొంటా

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. బోర్డు కొనేటప్పుడు డబ్బా మీద ఉన్న ఫేజ్‌ల సంఖ్య చూస్తే సరిపోతుందా? 12+2 అంటే 8+2 కంటే ఎప్పుడూ మేలేనా?

#12 ఫేజ్_లెక్క

సరిపోదు. ప్లస్ ముందున్నది కోర్లకు, తర్వాతది ఎస్ఓసీ లాంటి మిగతా భాగాలకు. ముందున్న సంఖ్య కూడా చాలాసార్లు చోక్‌లను లెక్కపెట్టి వేసిందే. కంట్రోలర్ నిజంగా ఆరు ఫేజ్‌లదే అయ్యి, డబ్లర్ (సిగ్నల్‌ను రెండుగా పంచే చిప్) పెట్టి పన్నెండు చేస్తారు. లేదా ఒకే సిగ్నల్‌ను రెండు పవర్ స్టేజ్‌లకు కలిపి ఇస్తారు. ఇవి మోసం కావు, కరెంటు పంచుకోవడానికి, వేడి పరచడానికి రెండూ పనికొస్తాయి. కానీ అలలు తగ్గే లాభం నిజమైన పన్నెండులా రాదు.

అసలు చూడాల్సింది ఒక్కో స్టేజ్ ఏ రకం అని. విడివిడి మాస్‌ఫెట్లా, మాస్‌ఫెట్లను, వాటిని నడిపే డ్రైవర్‌ను ఒకే చిప్‌లో పెట్టిన డాక్టర్‌మాస్ లేదా స్మార్ట్ పవర్ స్టేజ్‌లా? ఆరు 60 ఆంపియర్ల స్మార్ట్ స్టేజ్‌లు పన్నెండు చవక మాస్‌ఫెట్ జతల కంటే చల్లగా నడిచే సందర్భాలు బోలెడు. ఆ తర్వాత హీట్‌సింక్‌కి నిజమైన రెక్కలు ఉన్నాయా, ప్లాస్టిక్ తొడుగేనా. బోర్డులో రాగి పొరలు ఎన్ని. వేడిలో మంచి భాగం బోర్డు రాగిలోకే పోతుంది.

ఖరీదు కూడా హామీ కాదు. 2017లో ఇంటెల్ ఎక్స్299 బోర్డులు వచ్చినప్పుడు డెర్‌బావర్ అనే జర్మన్ ఓవర్‌క్లాకర్ వీడియో పెట్టి గొడవ లేపాడు. వాటిలో వాడే స్కైలేక్-ఎక్స్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తే వీఆర్ఎం వేడికి వేగం పడిపోతోందని, హీట్‌సింక్‌లు గాలి ఆడే రెక్కలు లేని దిమ్మలని, కొన్ని బోర్డులకు ఒకే 8 పిన్ కనెక్టర్ ఉందని. అవి అగ్రశ్రేణి బోర్డులు. ఆ తర్వాతే హీట్‌సింక్‌ల మీద కంపెనీలకు మళ్లీ శ్రద్ధ వచ్చింది. తర్వాతి కాలంలో మధ్య ధరలో వచ్చిన బీ650 బోర్డులు చాలావరకు ఆనాటి వాటికంటే మేలు.

#13 బక్_కన్వర్టర్

రామగుండం గారి లెక్కలో ఒక సందేహం మిగిలింది. ఆ 165 వాట్లు నమ్మదగ్గదేనా? ఏఎం4లో (5900ఎక్స్ కూర్చునే సాకెట్) ప్రాసెసర్ తన కరెంటును స్వయంగా కొలవదు, వీఆర్ఎం కంట్రోలర్ చెప్పిన సంఖ్యను నమ్ముతుంది. ఆ సంఖ్యకు కొలమానం ఇచ్చేది బోర్డు కంపెనీ. కొన్ని బోర్డులు దాన్ని తక్కువగా చెప్పి, ప్రాసెసర్ తన హద్దు దాటి పరుగెత్తేలా చేశాయని తేలి, 2020లో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పవర్ రిపోర్టింగ్ డీవియేషన్ అనే వరుస చేర్చారు. ఓవర్‌క్లాక్ అంతా తీసేసి, అన్నీ డిఫాల్ట్‌లో పెట్టి, సినీబెంచ్ అనే టెస్ట్ మల్టీ కోర్‌లో నడుస్తుండగా ఆ విలువ చూడండి. 100 దగ్గర ఉండాలి. ఓవర్‌క్లాక్‌లో గానీ ఖాళీగా ఉన్నప్పుడు గానీ దానికి అర్థం లేదు.

#14 రామగుండం_రెండర్

డిఫాల్ట్‌ల చూసిన, 82 శాతం చూపిస్తుంది. థర్మోకపుల్ కూడా పెట్టిన, పాత ఓవర్‌క్లాక్‌తోటి బోర్డు వెనుక 112 డిగ్రీలు. థర్మల్ ప్యాడ్ ముట్టుకుంటే పొడి పొడిగ రాలింది.

#15 బక్_కన్వర్టర్

అయితే మన మొదటి లెక్క తక్కువే. 165ని 0.82తో భాగించండి, 201 వాట్లు. ఓవర్‌క్లాక్‌లోనూ కొలమానం దాదాపు అదే అనుకుంటే 158 ఆంపియర్లు, ఫేజ్‌కి 39.5. నష్టం 21 కాదు, 31 వాట్లు. వెనుక 112 రావడంలో ఆశ్చర్యం లేదు.

#16 ఫేజ్_లెక్క

తమ్ముడూ, ఇప్పుడు చేయాల్సింది. మాన్యువల్ ఓవర్‌క్లాక్ తీసెయ్యి. అన్ని కోర్లకీ ఒకే వోల్టేజ్ పెడితే ఏఎండీ పెట్టిన హద్దులు మూడూ, అంటే పీపీటీ (మొత్తం పవర్), టీడీసీ (నిలకడగా తాగే కరెంటు), ఈడీసీ (క్షణకాలం తాగే కరెంటు), పక్కకు పోతాయి. 105 వాట్ల తరగతి 5900ఎక్స్‌కి అవి 142 వాట్లు, 95 ఆంపియర్లు, 140 ఆంపియర్లు. నీ బోర్డుకి అవే ఎక్కువ. బయోస్‌లో పీబీఓ (ఈ హద్దులు మార్చే ఏఎండీ సెట్టింగ్) మాన్యువల్‌కి మార్చి పీపీటీ 100 పెట్టు. నీ బోర్డు 82 శాతమే చెప్తోంది కాబట్టి అసలు వాడకం 122 అవుతుంది. కర్వ్ ఆప్టిమైజర్ (కోర్ల వోల్టేజ్ దించే సెట్టింగ్) కనబడితే అన్ని కోర్లకూ నెగెటివ్ 10తో మొదలుపెట్టు. మరీ దించితే లోడ్‌లో కాదు, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది, అది గుర్తుపెట్టుకో. కొత్త ప్యాడ్ వేసి, 80 లేదా 92 ఎంఎం ఫ్యాన్ ఒకటి ఆ ఎడమ హీట్‌సింక్ మీదికి ఊదేలా కట్టు.

#17 రామగుండం_రెండర్

అన్నీ చేసిన. కొత్త ప్యాడ్, 92 ఎంఎం ఫ్యాన్, పీపీటీ 100, కర్వ్ నెగెటివ్ 10. మధ్యాహ్నం ఎండల రెండు పెద్ద ఎక్స్‌పోర్ట్‌లు వరుసగ పెట్టిన. వెనుక దిక్కు 81 దాటలే. ప్రాక్‌హాట్ 'నో'నే ఉంది. అన్ని కోర్లు 4.1 దగ్గర కదలకుండ నడుస్తున్నయి. 4.5 పోయినా, మధ్య మధ్యల కూలబడుడు లేదు గనుక ఎక్స్‌పోర్ట్ మునుపటికంటే ముందే అయిపోతుంది. సింగిల్ కోర్ పనులల్ల, టైమ్‌లైన్ కదిపేటప్పుడు ఇంకా చురుకుగ ఉంది. అందరికీ దండాలు.

#18 స్థిర_వోల్టేజ్

సింగిల్ కోర్ చురుకుదనం ఊహ కాదు. 4.5 దగ్గర అన్ని కోర్లనూ బిగించినప్పుడు 5900ఎక్స్ తన 4.8 బూస్ట్ కోల్పోతుంది. ఇప్పుడు అది తిరిగొచ్చింది.

#19 బెజవాడ_5గిగా

నాదీ ఒకటి అడిగేస్తాను. ఇంటెల్ 14900కే, ఖరీదైన జెడ్790 బోర్డు, వీఆర్ఎం 60 డిగ్రీలు దాటదు. ఓవర్‌క్లాక్ లేదు, ఎల్ఎల్‌సీ తప్ప అన్నీ ఆటోనే. అయినా గేమ్ షేడర్లు (గ్రాఫిక్స్ కోసం నడిచే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేసేటప్పుడు క్రాష్. వీఆర్ఎం ఇంత బలంగా ఉంటే ఎందుకిలా?

#20 స్థిర_వోల్టేజ్

బలమైన వీఆర్ఎం అడిగినంత ఇస్తుంది. ఎంత అడగాలో తప్పుగా చెప్తే ఆ తప్పును కూడా చల్లగా మోస్తుంది. మీ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 253 వాట్లు, మామూలు ప్రొఫైల్‌లో 307 ఆంపియర్లు. చాలా జెడ్ బోర్డులు మొదట్లో ఆటో పేరుతో పవర్ లిమిట్‌ను 4096 వాట్లకు, అంటే హద్దే లేకుండా, వదిలేశాయి. దానికి తోడు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) అవసరం కంటే ఎక్కువ వోల్టేజ్ అడుగుతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు ఇచ్చింది. ఎక్కువ వోల్టేజ్, వేడి కలిసి కోర్ లోపలి క్లాక్ ట్రీ సర్క్యూట్‌ను అరగదీస్తున్నాయని, దాంతో అదే వేగానికి కావాల్సిన కనీస వోల్టేజ్ పైకి జరుగుతోందని చెప్పింది.

మీ బయోస్ తాజాగా ఉందా చూడండి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ ఎంచుకోండి, మీరు అలవాటుగా పెట్టే ఎల్ఎల్‌సీని కూడా ఆటోకి తెండి. ఆ తర్వాత కూడా క్రాష్ అయితే బయోస్‌తో కుస్తీ పట్టకండి. అరిగిన కోర్ అప్‌డేట్‌తో కోలుకోదు. బాక్స్‌లో కొన్న, ఈ సమస్య వచ్చే 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది, మొత్తం అయిదేళ్లు. బిల్లు, బాక్స్ మీద సీరియల్ నంబరు తీసుకుని క్లెయిమ్ పెట్టండి.

#21 బెజవాడ_5గిగా

బయోస్ 2023 నాటిదే ఉంది అక్కా. బిల్లు ఉంది. ఈ రాత్రి అప్‌డేట్ చేసి, డిఫాల్ట్ ప్రొఫైల్‌తో షేడర్ కంపైల్ మళ్లీ నడిపి ఇక్కడే రాస్తాను.